బాపుకు లేని బుల్లెట్

నేను మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. పేర్ల ముందు ‘లేట్’ అని రాయడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పని. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలన్నా, భూమి పేరు మార్చాలన్నా మేము మొదట చూసేది అదే. తండ్రి ఉన్నాడా, పోయాడా. పోయిన మనిషి పేరు ముందు ఆ మాట లేకపోతే ఫైలు వెనక్కి పంపుతాను. ఒక్కోసారి ఎవరో ఒకామె భర్త పేరు ముందు ఆ మాట రాయడానికి చెయ్యి రాక, కాగితం నా ముందుకు తోసి నన్నే రాయమంటుంది. రాసిపెడతాను. ఇరవై ఏళ్ళలో అట్లా ఎంతమందికి రాశానో గుర్తు లేదు. ఒక్కటి మాత్రం తప్పు రాశాను. అది ఆఫీసులో కాదు, మందమర్రిలో ఒక ఇంటి అరుగు మీద, ఒక పాత బుల్లెట్ బండి కోసం.

బుల్లెట్ పిచ్చి నాకు చిన్నప్పటిది. చెన్నూరు బస్టాండు దగ్గర మా బాపుకు సైకిల్ దుకాణం ఉండేది. గంటల లెక్కన కిరాయికిచ్చే సైకిళ్ళు ఎనిమిది, గాలి పంపు ఒకటి, పంక్చర్ చూసే నీళ్ళ తొట్టి ఒకటి. ఎండాకాలం వచ్చిందంటే తునికాకు కాంట్రాక్టరు ఒకాయన బుల్లెట్ మీద వచ్చి గాలి కొట్టించుకునేవాడు. బండి దిగేవాడు కాదు. బాపు చెమటలు కక్కుకుంటూ వెనక చక్రానికి గాలి కొడుతుంటే, ఆయన సిగరెట్ కాలుస్తూ రోడ్డు వైపు చూసేవాడు. నాకు ఆ బండి మీద ఎంత మోజో, దాని మీద కూర్చున్న మనిషి మీద కూడా అంతే మోజు. కింద కూర్చున్నది మా బాపు అన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియకపోతే బాగుండుననిపించేది. బడిలో ఎవరైనా మీ బాపు ఏం చేస్తాడని అడిగితే బిజినెస్ అనేవాణ్ణి. ఆ బిజినెస్ మీదే నేను డిగ్రీ దాకా చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. అవ్వ పోయి ఒంటరివాడయ్యాక బాపు దుకాణం అమ్మేసి మా దగ్గరికి వచ్చేశాడు.

మందమర్రిలో బొగ్గు బాయి నుంచి రిటైరైన ఫిట్టర్ ఒకాయన బుల్లెట్ అమ్ముతున్నాడని మా ఆఫీసులో ఎవరో చెప్పారు. దీపావళి పోయిన పది రోజులకు ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. కార్మికుల కాలనీ చివర చిన్న ఇల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డులో, ఉతికిన దుప్పటి కింద బండి ఉంది. ఇంటాయనకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, లుంగీ, ఇస్త్రీ చేసిన చొక్కా. భార్య చనిపోయింది, ఒక్కరే ఉంటున్నారు. అక్కడ అందరూ ఆయనను చాచా అంటున్నారు, నేనూ అట్లాగే పిలిచాను.

నేను వెళ్ళేసరికి ఆయన హైదరాబాదు నుంచి కారులో వచ్చిన ఇద్దరిని సాగనంపుతున్నారు. వాళ్ళు ఏదో హోటల్లో అలంకారానికి పెట్టుకోవడానికి అడిగారట. నా బండిని అద్దాల వెనక బొమ్మలా నిలబెడతారా అని చాచా వాళ్ళకు చాయ్ తాగించి మరీ పంపేశారు. అంతకుముందు వచ్చిన వాళ్ళను కూడా ఏదో ఒక వంకతో వెనక్కి పంపారని పక్కింటాయన నా చెవిలో వేశాడు. నన్నూ అట్లాగే పంపేస్తారనుకున్నాను. అప్పటికే దుప్పటి తీశారు, నేను బండిని చూశాను.

నలభై ఏళ్ళ బండి. నల్ల టాంకు మీద చేత్తో గీసిన బంగారు రంగు గీతలు ఎక్కడా చెరగలేదు. బొగ్గు ఊళ్ళో కిటికీ చువ్వ మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది, ఈ బండి మీద మాత్రం తెల్ల చొక్కాతో పడుకోవచ్చు. చాచా మెల్లగా వంగి, గోటితో చక్రం పుల్లలను వరసగా మీటుకుంటూ పోయారు. అన్నీ ఒకే తీరుగా మోగాయి. ఆ పని నేను ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఆలోచించే తీరిక లేదు. నా కళ్ళు టాంకు మీదే ఉన్నాయి.

తర్వాత ఆయన అడిగారు, “బేటా, నువ్వెందుకు కొంటవు?”

నిజం చెప్పొచ్చు. మా బాపు సైకిల్ దుకాణంలో కింద కూర్చొని ఇటువంటి బండ్లకు గాలి కొట్టేవాడు చాచా, అప్పటి నుంచి ఆశ, అని. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ కారులో పోయిన వాళ్ళు గుర్తొచ్చారు. గాలి కొట్టేవాడి కొడుకుకు ఈ బండి విలువ ఏం తెలుస్తుందని చాచా అనుకుంటారేమో అనిపించింది. నలభై ఆరేళ్ళ వయసులో, మళ్ళీ బడిలో నిలబడ్డట్టే నిలబడ్డాను.

“మా బాపుకు గిసువంటి బండే ఉండె చాచా,” అన్నాను.

“ఇప్పుడేది మరి?”

“బాపు పోయినంక అమ్ముకున్నం.”

రెండో మాట నేను అనుకొని అన్నది కాదు. మొదటి అబద్ధం నిలబడాలంటే రెండోది కావలసి వచ్చింది. బాపు ఉన్నాడంటే బండి ఎందుకు అమ్మారంటారు, ఆయనను చూస్తానంటారు. నేను ఆ మాట అంటున్న సమయానికి బాపు కరీంనగర్‌లో మా ఇంటి ముందు మల్లెచెట్టుకు నీళ్ళు పోస్తూ ఉండి ఉంటాడు.

చాచా దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. లోపలికి తీసుకుపోయి చాయ్ ఇచ్చారు. నేను బేరమాడకముందే ధర ఆయనే తగ్గించారు. తండ్రి బండి పోగొట్టుకున్న కొడుకుతో బేరమేమిటన్నారు. నేను తలవంచుకున్నాను. అది దుఃఖమనుకున్నారు పాపం.

అరుగు మీద కూర్చొని పేరు మార్పు కాగితాలు నింపాను. తండ్రి పేరు దగ్గర బాపు పేరు రాశాను. చాచా కళ్ళద్దాలు పెట్టుకొని, కాగితం ఎండ వైపు తిప్పి చదివారు.

“బాపు పేరు ముందట లేట్ రాయలే నువ్వు. రాయి బేటా, కాగితం సక్కగుండాలె.”

నాకు నా పని నేర్పుతున్నారు. రాశాను. రోజూ రాసే మాటే, అదే కలం. పేరుకు ముందు జాగా లేకపోతే కాస్త పైన ఇరికించి రాశాను. చాచా ఆ పేరును రెండుసార్లు మెల్లగా పలికి, గోడ మీది క్యాలెండర్ మూలన ఉర్దూలో రాసుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

తర్వాత ఒక గంట సేపు బండి నేర్పారు. దీనికి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కిక్కు ఊరికే కొడితే కాలు విరగ్గొడుతుంది. మెల్లగా తొక్కుతూ హెడ్‌లైటు పైనున్న మీటరులో ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగాలి, చిన్న లివరు పట్టి మరికాస్త తొక్కాలి, లివరు వదిలేసి అప్పుడు కొట్టాలి. మొదటి కిక్కుకే లేచింది. ఆ చప్పుడుకు కాలనీలో నలుగురు బయటికి వచ్చారు. చాచా అందరికీ నన్ను చూపించి, వీళ్ళ బాపుకు కూడా ఇదే బండి ఉండేదట అని చెప్పారు. నేను నవ్వాను. నవ్వేందుకు నాకు మొహం ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వస్తూ మంచిర్యాలలో గేరనుకొని బ్రేకు తొక్కి ఆటో వెనక ఆగాను. గోదావరి వంతెన మీద మాత్రం బండి బాగా నడిచింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సిగ్గు లేదు, సంతోషమే ఉంది.

సిగ్గు ఇంటికి వచ్చాక మొదలైంది. బండి చప్పుడుకు బాపు గేటు దాకా వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చొని, గోటితో పుల్లలను మీటాడు. ఒక్కొక్కటే, చెవి పెట్టి వింటూ. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ పని ఎక్కడ చూశానో. చెన్నూరు దుకాణంలో చక్రం వంకర తీసినప్పుడల్లా, పుల్లలన్నీ సమంగా బిగిశాయో లేదో చూడటానికి బాపు చేసేది అదే.

“పుల్లలన్ని ఒక్క తీరు పలుకుతున్నయి,” అన్నాడు. “గింత మంచిగ పెంచిన బండిని నీకెట్ల ఇచ్చిండు గాయన?”

అడిగితే ఇచ్చాడన్నాను.

మర్నాటి నుంచి బండి తుడిచే పని బాపు తీసుకున్నాడు. ఆఫీసుకు నేను ఎప్పటిలా బస్సులోనే పోయేవాణ్ణి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పొద్దున్నే పాత బనియన్ ముక్క పట్టుకొని కూర్చునేవాడు. నేను కాఫీ తాగుతూ కిటికీలోంచి చూసేవాణ్ణి. నేను కాగితం మీద చంపిన మనిషి నా బండికి సేవ చేస్తున్నాడు. మా ఆవిడ రెండుమూడు సార్లు అంది, మామయ్యను ఒకసారి బండి మీద తిప్పుకురమ్మని. ఆయనను వెనక కూర్చోబెట్టుకోవాలంటే నాకే మనసొప్పలేదు. ఆదివారం చూద్దామంటూ ఆదివారాలు దాటవేశాను.

చాచా ప్రతి శుక్రవారం నమాజయ్యాక ఫోను చేసేవారు. ఆయిల్ మార్చావా, చెయిను చూశావా అని బండి యోగక్షేమాలు అడిగేవారు. ఆఖరున, మీ బాపు ఉంటే ఎంత సంబురపడేవాడో అనేవారు. ఆ మాట వస్తుందని తెలిసి ముందే మేడ మీదికి పోయి మాట్లాడేవాణ్ణి. ఒక ఆదివారం, ఏమైతే అయిందని, ఆయనకు నిజం చెప్పడానికే బయలుదేరాను. గోదావరి వంతెన దాకా పోయాను. బండి ఆపి, నీళ్ళు చూసి, వెనక్కి వచ్చాను. ఇంటికి వచ్చాక బాపు చక్రాలకు అంటిన మట్టి చూసి, దూరం పోయినట్టున్నావే అన్నాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో శబేబరాత్ వచ్చింది. ముస్లింల ఇళ్ళల్లో పోయిన పెద్దలను తలుచుకునే పండుగ. హల్వా చేసి, వాళ్ళ పేర్ల మీద ఫాతిహా ప్రార్థన చదివి, నలుగురికీ పంచుతారు. ఆ సాయంత్రం చాచా ఫోను చేశారు. శుక్రవారం కాకపోయేసరికి నేను ఆఫీసు వరండాలోకి వచ్చి ఎత్తాను.

“ఇయ్యాల మా అమ్మీ, అబ్బా, మా ఇంటామె పేర్ల మీద ఫాతిహా ఇచ్చిన బేటా. మీ బాపు పేరు గూడ తీసుకున్న. క్యాలెండర్ మీద రాసుకున్న గద. మనోడే అనుకొని దువా చేసిన.”

ఏమన్నానో గుర్తు లేదు. వరండాలో నా ముందు నుంచి ఎవరో సర్టిఫికెట్ కోసం వచ్చిన మనిషి నమస్తే పెడుతూ పోయాడు. నా చెయ్యి లేవలేదు. మందమర్రిలో ఒక పెద్దమనిషి, ముఖం తెలియని నా తండ్రి కోసం, తన భార్య పేరు పక్కన ఆయన పేరు పెట్టి దేవుణ్ణి అడిగాడు. ఆ తండ్రి ఇక్కడ బతికి ఉన్నాడు. నేను ఎవరికి ఎక్కువ అన్యాయం చేశానో నాకే తేలలేదు. ఆ మర్నాడు బాపుకు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. మామూలు పడిశమే. నేను మాత్రం రెండుసార్లు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి చూసిపోయాను. ఇంత ప్రేమ ఎప్పటి నుంచి అన్నట్టు చూశాడు బాపు.

మూడో రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి బల్ల మీద ఎవరిదో స్టీలు డబ్బా ఉంది. టీచరుగా పనిచేసే మా ఆవిడ ఇంకా స్కూలు నుంచి రాలేదు. బాపు కుర్చీలో కూర్చొని ఉన్నాడు, జ్వరం తగ్గినట్టుంది, ముఖం తేటగా ఉంది.

మందమర్రి నుంచి నీ దోస్తు వచ్చి పోయాడన్నాడు. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. బాపు తొందర లేకుండా చెప్పాడు. కళ్ళు చూపించుకోవడానికి కరీంనగర్ వచ్చాడట ఆయన. పేరు మార్పు కాగితాల్లోని అడ్రసు పట్టుకొని వచ్చి, గేటు దగ్గర బండిని చూసి ఆగి, లోపలికి వచ్చి, ఎవరినీ అడగకుండానే చక్రం పుల్లలు మీటాడట. బండి తుడుస్తున్న బాపుకు, ఈ మనిషి పనివాడని అక్కడే అర్థమైందట. తర్వాత ఆయన డబ్బా చేతికిచ్చి, ఈ ఇంటి సారు వాళ్ళ బాపు పేరు మీద ఫాతిహా ఇచ్చిన హల్వా ఇది అన్నాడట. పేరు కూడా చెప్పాడట.

“నా పేరు నాకే చెప్పిండు,” అన్నాడు బాపు. “ఒక్క నిమిషం సమజ్ కాలే. బుల్లెట్ ముచ్చట చెప్పినంక సమజయింది.”

“నువ్వేమన్నవు బాపూ?”

“నేను గాయన తమ్మున్ని అని చెప్పిన.”

బాపు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయనే అన్నాడు, “సైకిల్ దుకాణమని చెప్తె ఇయ్యకపోతుండెనా?”

దానికి జవాబు బాపు దగ్గరే ఉంది. బాయిలో నౌకరి దొరకక ముందు చాచా ఆరేళ్ళు సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేశాడట. పుల్లలు మీటి చూడటం అక్కడే నేర్చాడట. ఇద్దరూ రెండు గంటలు కూర్చున్నారు. ఏ సైకిలుకు ఏ హబ్బు మంచిది, ట్యూబుకు అతుకు వేసేముందు ఎంత గీకాలి, గంట సైకిలు పట్టుకుపోయి సాయంత్రానికి గానీ తేని వాళ్ళు ఎట్లాంటి సాకులు చెప్పేవాళ్ళు, అన్నీ మాట్లాడుకున్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక మా ఇంట్లో ఎవరూ బాపును ఆ దుకాణం గురించి రెండు నిమిషాలు అడిగింది లేదు.

“మా అన్నకు బుల్లెట్ ఉండె, నాకు సైకిల్ దుకాణం ఉండె అని చెప్పిన,” అన్నాడు. “అన్న ముచ్చట ఒక్కటే అబద్ధం. మిగిలిందంత నిజమే చెప్పిన.”

డబ్బా మూత తీశాడు. సెనగపప్పు హల్వా, పైన జీడిపప్పు. సగం అయిపోయింది. తిన్నావా అని అడిగాను.

“ఎందుకు తినను? నా పేరు మీద తెచ్చిండు గద,” అని కాస్త నవ్వాడు.

నాకూ ఒక ముక్క పెట్టాడు. నోట్లో పెట్టుకున్నాను. తప్పయింది బాపూ అన్నాను. ఆయన ఆ మాట విననట్టే లేచి, డబ్బాలో మిగిలిన హల్వా గిన్నెలోకి తీసి, డబ్బా కడిగాడు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు, కోడలితో నువ్వుల లడ్డూలు చేయించి పంపుదామన్నాడు. చాచాకు అసలు సంగతి చెప్పేస్తాను బాపూ అంటే, చెప్పాలనుకుంటే నువ్వు చెప్పుకో, నేనైతే చెప్పను అన్నాడు. పెద్దమనిషి అంత నమ్మి దేవుడి ముందు పేరెత్తాడు, ఆయన మనసు విరగ్గొట్టడం తన వల్ల కాదన్నాడు. ఇంకా ఏమైనా అంటాడని నిలబడ్డాను. పొద్దు పోయిందని మల్లెచెట్టుకు నీళ్ళు పోయడానికి వెళ్ళాడు.

శుక్రవారం నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. చాచా ఫోను చేస్తారు, ఈసారి చెప్పేద్దామనే పెట్టాను. రెండున్నరకు ఫోను మోగింది. బాపు గేటు దగ్గర బండి ముందు కూర్చొని చెయినుకు నూనె వేస్తున్నాడు. నేను మేడ మీదికి పోలేదు. గుమ్మంలోనే నిలబడి ఎత్తాను.

చాచా ఈసారి బండి సంగతి ఏమీ అడగలేదు. మీ బాపు తమ్ముడు, మీ కాక ఎట్లా ఉన్నాడని అడిగారు. అంత మంచి మనిషిని ఈ మధ్య చూడలేదన్నారు. సైకిల్ దుకాణం వాళ్ళ చేతులు చూస్తేనే తెలుస్తుంది, మీ కాక చెయ్యి పట్టుకోగానే నాకు తెలిసిపోయిందన్నారు. చాచా, మీకొక మాట చెప్పాలి అన్నాను. ఆయన వినిపించుకోలేదు, తన మాట పూర్తి చేయాలని ఉన్నట్టుంది.

“పిల్లలెంతమంది అని అడిగిన బేటా. ఎవ్వరు లేరన్నడు. జర మంచిగ చూసుకో గాయనను. నువ్వే కొడుకువనుకో.”

చెయిను మీద నూనె బొట్లు పడుతున్నాయి. బాపు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేస్తున్నాడు.

చూసుకుంటాను చాచా అన్నాను. ఒకసారి ఫోను ఆయనకివ్వమన్నారు. నేను మెట్లు దిగి బండి దగ్గరికి వెళ్ళాను. ఫోనులో చాచా వింటున్నారు. బాపూ అని పిలవడానికి వీల్లేదు.

“కాకా, నీకు ఫోను,” అన్నాను.

బాపు తల ఎత్తి నా వైపు చూశాడు. తర్వాత చేతులు బనియన్ ముక్కకు తుడుచుకొని ఫోను అందుకున్నాడు.